‘చాలు’ అను మాట

టాటానగరములోని కద్మా ప్రాంతమున ఒక తెలుగు గృహస్థుని ఇంట సత్సంగము ముగిసిన పిమ్మట, ఆ యింటి పెద్ద మమ్ము లోపలి గదికి తోడ్కొనిపోయి ఒక ఇనుప ట్రంకు పెట్టెను చూపెను. రంగు వెలసినది. మూతమీద తెల్లని అక్షరములలో వ్రాసిన పేరు సగము చెరిగిపోయినది. “స్వామీ! మా తండ్రిగారు శ్రీకాకుళము రోడ్డు స్టేషనులో రైలెక్కి, ఖర్గపూరు మీదుగా ఈ ఊరికి వచ్చినప్పుడు వారి సంసారమంతయు ఈ పెట్టెలో ఇమిడియుండినది. రెండు పంచెలు, ఒక దుప్పటి, ఒక చెంబు, ఒక భాగవతము. ఇప్పుడు ఈ యింట నాలుగు గదులున్నవి, మనుష్యులము మువ్వురమే. అయినను సామానులకు చోటు చాలక, ఇంతకంటె పెద్ద యిల్లు చూడుమని పిల్లలు పోరుచున్నారు” అనెను. క్షణమాగి, ఆయనయే మరల ఇట్లడిగెను: “భూమికి జనము బరువైపోయినదని పత్రికలలో చదువుచున్నాను. బరువు జనముదా, సామానుదా?”

ఆ ప్రశ్నకు మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. తోచకపోవుట మేలే యైనది. ఏలయన, ఈ కాలమున ప్రతి గృహస్థుడును, ప్రతి సాధకుడును తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన విషయము అందులో నున్నది. దానిని క్రమముగా విచారింతము.

కాలీమాటి నుండి టాటానగరము వరకు

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమమున నున్న ఈ నగరము నూరేండ్లకు కొంచెము మించిన వయస్సు గలది. 1907వ సంవత్సరమున ఉక్కు కంపెనీ స్థాపింపబడునాటికి ఇచ్చట సాక్చీ అను చిన్న గ్రామమును, చుట్టును సాలవృక్షముల అడవియు, హో, సంథాలు మొదలగు ఆదివాసుల పల్లెలును మాత్రమే యుండినవి. సమీపమున నున్న రైల్వే స్టేషను పేరు కాలీమాటి, అనగా నల్లమన్ను. 1912వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన ఇచ్చట మొదటి ఉక్కు దిమ్మ పోతపోయబడెను. 1919వ సంవత్సరమున నాటి వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు సాక్చీకి జంషెడ్‌పూరు అని పేరిడెను. కాలీమాటి స్టేషను టాటానగరమైనది. మన శ్రీకాకుళ, విజయనగర, విశాఖ మండలములవారికి మాత్రము ఇది ‘టాటా’యే. “మావాడు టాటాలో ఉన్నాడు” అనుట ఆ పల్లెలలో మూడు నాలుగు తరములుగా వినబడుచున్న మాట.

1911వ సంవత్సరపు జనగణనలో ఈ ప్రదేశపు జనసంఖ్య ఆరువేలకు లోపు. పదియేండ్లు తిరుగకముందే అది 57 వేలు దాటెను. 1951వ సంవత్సరమునకు రెండు లక్షలు దాటినది. 2011వ సంవత్సరపు జనగణన నాటికి నగరమును, దానిని అంటియున్న పేటలును కలిసి 13 లక్షలు దాటినవి. ఈ వృద్ధి ప్రధానముగా జననములవలన కలిగినది కాదు. అన్నము వెదకికొనుచు ఒరిస్సానుండి, వంగదేశమునుండి, బీహారునుండి, పంజాబునుండి, ఛత్తీస్‌గఢ్ నుండి, మన ఉత్తరాంధ్రమునుండి ట్రంకు పెట్టెలతో వచ్చినవారివలన కలిగినది.

ఈ నగరమును తలపోసిన జంషెడ్జీ టాటా దానిని కన్నులార చూడలేదు; 1904వ సంవత్సరముననే ఆయన కాలధర్మము చెందెను. కాని అంతకు రెండేండ్లు ముందే తన కుమారునికి వ్రాసిన లేఖలో, కార్మికుల పట్టణమునకు విశాలమైన వీధులుండవలెననియు, త్వరగా పెరుగు నీడచెట్లు నాటింపవలెననియు, తోటలకును ఆటస్థలములకును చోటు విడువవలెననియు, హిందువుల ఆలయములకును, మహమ్మదీయుల మసీదులకును, క్రైస్తవుల చర్చిలకును స్థలములు కేటాయింపవలెననియు ఆదేశించెను. ఆ మాట చాలవరకు నెరవేరినది. కంపెనీ స్వర్ణోత్సవ సందర్భమున వెలసిన జూబిలీ పార్కును 1958వ సంవత్సరమున పండిత జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను. అయితే నగర నిర్మాతలు గీసిన ప్రతి పటమును వచ్చి చేరిన జనము దాటిపోయెను. గీత లోపల నీడచెట్లు. గీత వెలుపల, నదుల కావలి యొడ్డున, కిక్కిరిసిన బస్తీలు. ఈ రెండును ఒకే నగరము.

పెట్టె బరువు

ఆ యింటి ట్రంకు పెట్టెను మరల తలచుకొందము. దాని బరువు పది కిలోలనుకొందము. బొగ్గుతో మండు కొలిమి మార్గమున ఒక టన్ను ఉక్కు చేయుటకు సుమారు 1,400 కిలోల ఇనుప ఖనిజము, 800 కిలోల బొగ్గు, 300 కిలోల సున్నపురాయి కావలెను. రెండు టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు ఆకాశమునకు పోవును. ఈ లెక్కన ఆ చిన్న పెట్టెకు 14 కిలోల ఖనిజము, 8 కిలోల బొగ్గు, 3 కిలోల రాయి వ్యయమై, 20 కిలోలకు పైగా వాయువు వెలువడును. పెట్టె పది కిలోలే. దాని వెనుక నున్న కనబడని మూట అంతకు రెండింతలకు పైమాట.

ఆ మూట ఎచ్చటినుండి వచ్చినది? ఖనిజము తొలుత మయూరభంజములోని గోరుమహిసాణి కొండనుండియు, పిమ్మట సింగభూమిలోని నోవాముండి గనులనుండియు వచ్చినది. బొగ్గు ఝరియానుండి వచ్చినది. ఆ ఝరియా భూగర్భమున 1916వ సంవత్సరమున గుర్తింపబడిన అగ్ని నేటికిని పూర్తిగా ఆరలేదు. ఆ మంటపై నున్న ఊళ్లవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చుచున్నది. నీరు సువర్ణరేఖ ఇచ్చినది. రాంచీ పీఠభూమిలో పుట్టి వంగసముద్రమున కలియు ఈ నది ఇసుకను గాలించి బంగారు రేణువులు ఏరుకొని జీవించినవారు ఉండిరి. పేరు అందువలననే వచ్చినదందురు. ఇప్పుడు ఆ నదిలో నగరముల మురుగును, కర్మాగారముల వ్యర్థములును కలియుచున్నవి.

ఇది ఒక కంపెనీపై మోపు నేరము కాదు. ఉక్కు లేనిదే వంతెన లేదు, నాగలికఱ్ఱు లేదు, శస్త్రచికిత్స చేయు కత్తి లేదు. ఈ నగరపు ఉక్కు లేనిదే స్వతంత్ర భారతమున ఎన్నో నిర్మాణములు లేవు. చెప్పదలచినది ఒకటే. మనము అంగడిలో కొను ప్రతి వస్తువునకు వెనుక ఒక కొండయు, ఒక నదియు, ఒక అడవియు ఉన్నవి. వెల చెల్లించునప్పుడు అవి మన కంటికి కనబడవు. పైగా ఆ పెట్టె డెబ్బది యేండ్లకు మించి ఒక కుటుంబమునకు ఊడిగము చేసినది. కొండ ఋణము కొంతవరకైనను తీరినది. డెబ్బది దినములకే చెత్తకుప్ప చేరు వస్తువు సంగతి యేమి?

జనసంఖ్య: భయము, బలవంతము, వివేకము

జనము బరువు కాదా? కాదనుట సత్యము కాదు. 1960వ సంవత్సరమున 300 కోట్లున్న ప్రపంచ జనము 2022వ సంవత్సరము నవంబరు నాటికి 800 కోట్లైనది. 1951వ సంవత్సరమున 36 కోట్లున్న భారతదేశము నేడు 140 కోట్లు దాటి, 2023వ సంవత్సరమున చీనాను మించి ప్రపంచమున ప్రథమ స్థానమున నిలిచినది. ఇందరికి అన్నము, నీరు, నిలువనీడ కల్పించుట సామాన్యమైన కార్యము కాదు. 1952వ సంవత్సరమున ప్రపంచమునందే మొదటగా కుటుంబ నియంత్రణమును జాతీయ కార్యక్రమముగా చేపట్టిన దేశము మనదియే.

కాని భయమువలన పుట్టిన ధర్మము ధర్మము కాదని ఆ చరిత్రయే నేర్పినది. అత్యవసర పరిస్థితి కాలమున, 1976-77వ సంవత్సరమున, ఒక్క ఏటిలో 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. వాటిలో అనేకము బలవంతముచేతను, భయపెట్టియు చేయించినవి. దాని ఫలముగా ప్రజలలో ఆ కార్యక్రమముపై నమ్మకమే సడలినది. మనుష్యుని సంఖ్యగా చూచుట ప్రారంభించినచో కరుణ మొదట నశించును. పిమ్మట సంఖ్యయు మాట వినదు.

మాట వినినది మరియొక దానికి. బాలికలు బడికి పోయిన చోట, పుట్టిన బిడ్డ బ్రతుకునను ధైర్యము తల్లికి కలిగిన చోట, తన శరీరమును గూర్చి తాను నిర్ణయించుకొను గౌరవము స్త్రీకి లభించిన చోట, కుటుంబములు తమంతట తామే చిన్నవైనవి. 1992-93వ సంవత్సరమున జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో భారత స్త్రీకి సగటున 3.4 సంతానము, 2019-21 నాటి సర్వేలో 2.0. ఆంధ్రప్రదేశమున అది 1.7, తెలంగాణమున 1.8. ఇద్దరికి మించి బిడ్డలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీ చేయరాదను నిబంధనను ఆంధ్రప్రదేశ శాసనసభ 2024వ సంవత్సరమున తొలగించినది. ప్రపంచ జనము 2080వ దశాబ్దమున సుమారు 1,030 కోట్లకు చేరి, ఆపై తగ్గుముఖము పట్టునని ఐక్యరాజ్యసమితివారి అంచనా.

అనగా జనసంఖ్య అను రథము మెల్లమెల్లగా ఆగుచున్నది. ఆగని రథము మరియొకటి కలదు.

తలకు ముప్పదితొమ్మిది కిలోలు

1970వ సంవత్సరమునుండి నేటివరకు ప్రపంచ జనము రెండింతలకు కొంచెము మించినది. అదే కాలమున మానవుడు భూమినుండి తీసికొను పదార్థము, అనగా ఖనిజము, బొగ్గు, చమురు, ఇసుక, కలప, పంట అన్నియు కలిసి, మూడింతలకు మించినది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగమువారి లెక్క ప్రకారము 1970వ సంవత్సరమున తలకు దినమునకు 23 కిలోలు. 2020వ సంవత్సరమున 39 కిలోలు. ప్రపంచమందలి ప్రతి మనుష్యుడును, పసిపాపతో సహా, దినమునకు 39 కిలోల మూటను భూమినుండి పెకలించి తలకెత్తుకొనుచున్నాడని భావింపుడు. తలలు పెరిగినవి, నిజమే. తలపై మూటయు పెరిగినది.

ఇది సగటు మాత్రమే. మూట అందరి తలపైనను సమముగా లేదు. అమెరికా పౌరునివలన ఏటా సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుచుండగా, ప్రపంచ సగటు 5 టన్నులకు లోపు, భారతీయుని వంతు సుమారు 2 టన్నులు. ఏటా తలకు వాడు ఉక్కు మనదేశమున సుమారు 100 కిలోలు. ప్రపంచ సగటు దానికి రెండింతలకు పైమాట. ఇంకను పక్కా యిల్లు లేనివాడు, బడికి వంతెన లేని పల్లె, మన దేశమున నున్నవి. వారికి ఉక్కు ఇంకను కావలెను. దానిని తప్పుపట్టుటకు ఎవరికిని అధికారము లేదు.

కాని ఈ లెక్కను చూచి “దోషము పరదేశీయులది” అని ఊరటచెందుట సాధకునికి తగదు. టాటానగరముననే ఒక వీధిలోని యింట నాలుగు గదులు సామానుతో నిండియుండ, నది కావలనున్న బస్తీలో ఒక గదిలో ఆరుగురు నివసింతురు. ప్రపంచమున నున్న భేదమే మన వీధిలోను ఉన్నది. మనము ఏ వైపున నున్నామో చూచుకొనవలెను. 2022వ సంవత్సరమున ప్రపంచమున వృథాయైన ఆహారము 105 కోట్ల టన్నులు; అందులో అధిక భాగము గృహములలోనే పారవేయబడినది. అదే సంవత్సరమున పారవేయబడిన విద్యుత్ పరికరములు 6 కోట్ల 20 లక్షల టన్నులు. వానిలో సక్రమముగా సేకరించి మరల వాడుకలోనికి తెచ్చినట్లు నమోదైనది నాలుగవవంతుకంటె తక్కువ. ఈ వృథా ఆకలివలన పుట్టినది కాదు. ఆకలి తీరిన పిమ్మట పుట్టినది.

కావున ఆ పెద్దకు చెప్పవలసిన ప్రత్యుత్తరములో మొదటి భాగము ఇది: బరువు జనముదియు, సామానుదియు కూడ. కాని జనమునకు ఒక హద్దు కనబడుచున్నది. సామానునకు హద్దు కనబడుట లేదు. ఎందువలన?

ఆరని కొలిమి

ఈ నగరపు కర్మాగారములోని బ్లాస్ట్ ఫర్నేసు అను మహాకొలిమిని ఎరిగినవారు ఒక సంగతి చెప్పుదురు. దానిని ఒకసారి వెలిగించిన పిమ్మట మరమ్మతు కాలము వచ్చువరకు, సాధారణముగా పదునైదు ఇరువది యేండ్లపాటు, రాత్రింబవళ్లు మండింపవలసినదే. పైనుండి ఖనిజము, బొగ్గు, రాయి వేయుచునే యుండవలెను. వేయుట మానినచో లోపలి ద్రవము గడ్డకట్టి కొలిమియే పాడగును. అది ఎన్నడును “చాలు” అనదు.

ఇనుము కరగించు కొలిమికి ఇది గుణము. మనుష్యుని మనస్సునకు ఇదే వ్యాధి. యయాతి మహారాజు కథ మన పెద్దలు చెప్పినది ఇందుకే. శుక్రాచార్యుని శాపమున అకాల వార్ధక్యము పొందిన ఆ రాజు, తన కుమారుడు పూరుని యౌవనమును మార్చుకొని వేయి సంవత్సరములు సుఖము లనుభవించెను. చివరకు ఆయన గ్రహించినది ఒకటే. అనుభవించుటవలన కోరిక తీరుట లేదు, మరింత ప్రజ్వరిల్లుచున్నది. అప్పుడు కుమారుని యౌవనము కుమారునికి తిరిగి యిచ్చివేసెను.

ఈ కథలో నేటి మనకు విశేషముగా తగులునది కడపటి అంశము. యయాతి భోగించినది తన యౌవనమును కాదు, కుమారునిది. భూగర్భమున కోట్ల యేండ్లు నిలువయైన బొగ్గును, అడవులను, నదులను ఒకటి రెండు తరములలో వ్యయపరచుచున్న మనము ఎవరి యౌవనమును అనుభవించుచున్నాము? ఇంకను పుట్టని బిడ్డలదియే కదా! యయాతికి కుమారుని అంగీకారమైనను ఉండినది. మనకు అదియు లేదు.

పూర్వకాలమున అంగడి కోరికను తీర్చుటకు ఉండెడిది. ఇప్పుడు కోరికను పుట్టించుట కూడ దాని పనియైనది. చేతిలోని ఫోను మనము అడుగకమునుపే మనకేమి కావలెనో చెప్పుచున్నది. వాయిదాలపై ఇచ్చు అప్పు, రేపటి జీతమును నేడే తినిపించుచున్నది. ఒక వస్తువు చెడిపోకమునుపే అది పాతదైనదను సిగ్గు మనలో నాటబడుచున్నది. కొలిమి బయట నున్నంతవరకు దానిని మనుష్యుడు ఏలును. లోపలికి వచ్చినచో అది మనుష్యుని ఏలును.

శాస్త్రము గీసిన గీత

ఎంతవరకు మనది, ఎచ్చటినుండి మనది కాదు? ఈ గీతను మన శాస్త్రములు స్పష్టముగా గీసినవి. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రముననే, జగత్తంతయు ఈశ్వరునిచే ఆవరింపబడినదని చెప్పి, త్యాగముతో అనుభవింపుమనియు, ఇతరుని ధనమునకు ఆశపడవద్దనియు బోధించుచున్నది. అనుభవింపవద్దనలేదు; యజమానిగా కాక, అతిథిగా అనుభవింపుమన్నది. అతిథి వడ్డించినది తిని తృప్తిచెందును. వంటయింటిని మూటగట్టుకొని పోడు.

భాగవతము సప్తమ స్కంధమున నారదమహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మము చెప్పు సందర్భమున ఈ గీత మరింత కఠినముగా కనబడును. పొట్ట నిండుటకు ఎంత కావలెనో అంతవరకే మనుష్యునికి హక్కు కలదనియు, దానిని మించినది తనదని తలచువాడు దొంగయనియు, దండనార్హుడనియు ఆ మహర్షి నుడివెను. వెంటనే, లేళ్లను, గాడిదలను, కోతులను, ఎలుకలను, పాములను, పక్షులను, ఈగలను సైతము తన బిడ్డలవలె చూడవలెననియు, వానికిని తన బిడ్డలకును భేద మెంత అనియు ప్రశ్నించెను. ఈ రెండు మాటలును ప్రక్కప్రక్కనే యుండుట యాదృచ్ఛికము కాదు. మనము మించి తీసికొనినది ఎవరి కంచమునుండి తీసితిమో ఆ రెండవ మాట చెప్పుచున్నది. టాటానగరమునకు ఎదుటనే యున్న దల్మా కొండల ఏనుగులు మేతకై పొలములలోనికి దిగినపుడు, ఎవరి యింటిలోనికి ఎవరు చొరబడినట్లు?

పతంజలి మహర్షి యోగసూత్రములలో యమములు ఐదు. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము. అవసరమునకు మించి వస్తువులను స్వీకరింపకుండుట అపరిగ్రహము. మొదటి నాలుగింటిని గూర్చి ఉపన్యాసములు విస్తారముగా వినుచుందుము. ఐదవది సన్న్యాసులకు మాత్రమే యని విడిచితిమి. కాని యమములు దేశకాలజాతులచే పరిమితములు కాని మహావ్రతములని ఆ మహర్షియే చెప్పెను. ఈ మాట వ్రాయుచు మా గదిలోని అలమర వైపు చూచితిమి. రెండవమారు తెరువని పుస్తకములు ఒక వరుస నిండ నున్నవి. కాషాయము ధరించినంత మాత్రమున అపరిగ్రహము సిద్ధింపదు.

‘పేదరికమును బోధించుచున్నారా?’

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. “మా తాతలు ఆకలితో ఊరు విడిచిరి. రెండు తరములు కొలిమివద్ద చెమటోడ్చిన పిమ్మట కొంచెము సుఖము చూచుచున్నాము. ఇప్పుడు ‘చాలు’ అనుచున్నారా?” ఈ ఆక్షేపణ న్యాయమైనది. దీనికి సమాధానము చెప్పని వేదాంతము నిష్ప్రయోజనము.

దారిద్ర్యమును మన ఋషులు కీర్తింపలేదు. తైత్తిరీయోపనిషత్తు అన్నమును నిందింపరాదనియు, అన్నమును సమృద్ధిగా పండింపవలెననియు, ఇంటికి వచ్చినవారిని కాదనరాదనియు వ్రతముగా విధించినది. లేనివానికి లేమి తపస్సు కాదు. ఉన్నవాడు తనంతట తాను నిలుపుకొను హద్దే తపస్సు. ఒకడు ఆకలిచే పస్తుండుటకును, మరియొకడు ఏకాదశినాడు ఉపవసించుటకును ఎంత భేదమో, దారిద్ర్యమునకును అపరిగ్రహమునకును అంత భేదము. ‘చాలు’ అను మాట పొట్ట నిండినవాడు పలుకవలసినది. పొట్ట నిండనివానికి దానిని ఉపదేశించుట పాపము.

ఈ విషయమున ఈ నగరమునకు సంబంధించిన ఒక ఉత్తరమును స్మరించుట ఉచితము. 1893వ సంవత్సరమున స్వామి వివేకానందులు యోకహామానుండి వాంకూవరునకు పోవుచున్న ఓడలో జంషెడ్జీ టాటాయు ప్రయాణము చేసెను. ఐదేండ్ల పిమ్మట, 1898వ సంవత్సరము నవంబరు 23వ తేదీన, జంషెడ్జీ స్వామికి లేఖ వ్రాసెను. భారతదేశమున తలయెత్తుచున్న వైరాగ్యభావమును నశింపజేయక, ఉపయోగకరమైన మార్గమునకు మళ్లింపవలెనని స్వామి చెప్పిన భావములను అందు గుర్తుచేసికొనెను. ఆ భావముతో నిండినవారు నిరాడంబరముగా జీవించుచు శాస్త్రపరిశోధనకు తమ జీవితము నర్పించునట్టి నివాసములను నెలకొల్పుటకంటె దానికి మంచి వినియోగము లేదని తలచెను. ఆయన సంకల్పించిన విజ్ఞానసంస్థ 1909వ సంవత్సరమున బెంగుళూరున వెలసినది.

దేశమునకు ఉక్కు నియ్యదలచిన ధనికుడు ఒక సన్న్యాసిని సహాయము కోరినది ధనమునకు కాదు, వైరాగ్యమునకు. యంత్రమును నడుపు చేతికి త్యాగము తోడుండవలెనని ఆయన ఎరుగును. మనము ఆ ఉక్కును గైకొంటిమి. ఆ ఉత్తరమును మరచితిమి. ఏటా లక్ష టన్నుల ఉక్కు లక్ష్యముగా మొదలైన ఆ కర్మాగారపు సామర్థ్యము నేడు కోటి టన్నులు దాటినది. వైరాగ్యమున అట్టి అభివృద్ధి జరిగినదా అని ప్రశ్నించుకొనవలసిన వారము మనము.

సాలవనములో ఒక నియమము

‘చాలు’ అను మాట గ్రంథములలో మాత్రమే యున్నదనుకొనరాదు. ఈ నగరమునకు పూర్వమే ఈ నేలపై నున్న సంథాలులు, హోలు వసంతమున ‘బాహా’ అను పువ్వుల పండుగ చేయుదురు. జాహేర్ అను పవిత్ర వనమున సాలపుష్పములను దేవతలకు సమర్పించువరకు స్త్రీలు కొత్త పువ్వులను తలలో ముడువరు. కొత్త పండ్లను రుచి చూడరు. చెట్టు పూచినది గదా, చేయి చాచినచో అందును గదా! అయినను ఆగుదురు. మొదట దేవునికి, పిమ్మట మనకు. ఆ కొలది దినముల నిరీక్షణలో పువ్వు కాయగును, తుమ్మెదకు తేనె దొరకును, వనము మిగులును. ఆకలిగొన్న జాతి పెట్టుకొనిన నియమమిది. నిండిన పొట్టలతో ఉన్న మనకు ఇది సాధ్యము కాదా?

ఇంటిలో ఆరంభము

మన తెలుగువారికిని ఇట్టి సంప్రదాయము కలదు. కాశీకి పోయినవారు తమకు ప్రియమైన పండునో, కూరనో అచ్చట విడిచివత్తురు. కాకరకాయ ఇష్టములేనివాడు కాకరకాయను విడిచెనని పరిహాసమును చేయుదుము. దాని అంతరార్థము పరిహాసము కాదు. “నాకిది ఇష్టమే; అయినను ఇది లేక నేనుండగలను” అని మనస్సునకు నేర్పుటయే. కాశీ వరకు పోనక్కరలేదు. అంగడి గుమ్మమున ఆ అభ్యాసము చేయవచ్చును.

మొదటిది, నిరీక్షణ. అన్నము, మందు, చదువు కానిది ఏదైనను కొనదలచినపుడు మూడు రాత్రులు ఆగుడు. నాల్గవ ఉదయమునకును అది అవసరమనియే తోచినచో కొనుడు. చాల కోరికలకు మూడు రాత్రుల ఆయువు ఉండదు.

రెండవది, కంచము. విస్తరిలో మెతుకు విడువరాదని మన అవ్వలు కసరినది పిసినిగొట్టుతనముచే కాదు. పెండ్లి విందులలో వరుసగా ముప్పది వంటకములు పేర్చి, సగము కుప్పలో పోయుట గౌరవమని తలచుచున్న నేటి ఆచారమును ఒక్కొక్క కుటుంబమే ధైర్యముగా మానవలెను.

మూడవది, మరమ్మతు. చిల్లుపడిన గిన్నెకు మాటువేయువాడు, ఇత్తడికి కళాయిపూయువాడు, చెప్పుకుట్టువాడు, గడియారము బాగుచేయువాడు మన వీధులనుండి ఏల మాయమైరి? మనము వారిని పిలుచుట మానితిమి. వస్తువును బాగుచేయించుకొనుట కొండకు కృతజ్ఞత తెలుపుట, పనివానికి అన్నము పెట్టుట.

నాల్గవది, మిగిలినదానిని పంచుట. అపరిగ్రహము పారవేయుట కాదు. వాడని వస్తువు కావలసినవారి చేతికి చేరవలెను. ఖర్చు కాని ధనము ఒక బీద బాలిక చదువునకు పోవలెను. జనసంఖ్యను గూర్చి చింతించువాడు చేయదగిన ఉత్తమ కార్యము ఆ బాలికను బడికి పంపుటయే. అందువలన మన యింటి సామానును తగ్గును, భూమి భారమును తగ్గును. ఒక జీవితము వెలుగును.

ఇవి చిన్న పనులు. ప్రభుత్వములు, పరిశ్రమలు చేయవలసిన పెద్ద పనులు అనేకము కలవు. బొగ్గు లేక ఉక్కు చేయు మార్గములను శాస్త్రజ్ఞులు వెదకుచునే యున్నారు. కాని ఎంత శుభ్రమైన కొలిమియైనను, దాని ఎదుట నిలిచినవాడు “ఇంకను, ఇంకను” అనుచున్నంతకాలము కొండలు కరగుచునే యుండును. ఆ మాటను ఆపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. అది మన నోటనుండియే రావలెను.

కద్మాలోని ఆ పెద్దకు ఆనాడు మేమిట్లు చెప్పితిమి: “పెట్టెను పారవేయకుడు. ఏడాదికొకసారి ఇంటివారందరును కూర్చుండి, ఎవరికివారు తమకు నిజముగా కావలసిన వస్తువుల పట్టిక వ్రాసికొని, అవి ఈ పెట్టెలో పట్టునో పట్టవో చూచుకొనుడు. పట్టవలెనని నియమము లేదు, చూచుకొనుటయే నియమము.” ఆయన నవ్వెను. కొన్ని మాసములకు ఉత్తరము వచ్చెను. “స్వామీ! మా పట్టికలు పెట్టెలో పట్టలేదు. నా పట్టికయే అందరిదానికంటె పెద్దదైనది. సిగ్గుపడితిని. ఇల్లు మారు మాట మాత్రము ప్రస్తుతమునకు ఆగినది” అని అందులో నుండెను.

ఆయన తండ్రి ఆ పెట్టెతో వచ్చినపుడు అందులో చోటు చాలలేదని విచారింపలేదు. తెచ్చుకొనినది చాలుననుకొనెను. ఇప్పుడు ఆ మాటను ఆ మనుమలు మరల నేర్చుకొనవలెను. వారికంటె ముందుగా మనము నేర్చుకొనవలెను.

మననమునకు

1. ఈ మాసమున నేను కొనిన వస్తువులలో అవసరము పిలిచి కొనిపించినవి ఎన్ని? అంగడి పిలిచి కొనిపించినవి ఎన్ని?

2. నా యింటిలోని ఒక వస్తువును ఎన్నుకొని, అది ఏ కొండనుండి, ఏ నదినుండి, ఎవరి శ్రమనుండి వచ్చినదో తెలిసికొనగలనా?

3. భూభారమునకు కారణము ఇతరుల సంతానమని నేను ఎన్నడైనను పలికితినా? అప్పుడు నా తలపై మూట బరువెంత?

4. నాకు మిక్కిలి ఇష్టమైనది, అయినను లేకున్న బ్రతుకగలిగినది ఏది? దానిని నేడే, ఇచ్చటనే, కాశీయని తలచి విడువగలనా?